తాళంచెవి

శాంథోమ్ చర్చి దాటాక, చేపల బండ్లకి ఇవతల,
చిరుగుల గొడుగు కింద కూర్చుంటాడు సగాయం.
ముందు ఒక ఇనప్పెట్టె. దాని మేకులకి గుత్తులు గుత్తులుగా
ఇంకా ఏ ఇంటికీ చెందని తాళంచెవులు.

నేను తీసుకెళ్ళింది ఇత్తడిది,
వేలెడంత, బరువు మాత్రం బాగా ఉంది.
మూర్ మార్కెట్ వెనక కొన్న పాత రాతబల్లలో
సొరుగు వెనక్కి జారి ఇరుక్కుపోయి దొరికింది.
ఆ బల్లకి తాళమే లేదు.

"సావి ఉంది, తాళం లేదా!" నవ్వాడు సగాయం.
"ముప్పయ్యేళ్ళుగా అందరూ తాళం పట్టుకునే వచ్చారమ్మా నా దగ్గరికి."

సావి.
ఉప్పుగాలిలో ఆ మాటని కాసేపు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను.
ఈ ఒడ్డున ఎప్పుడో దిగిన పోర్చుగీసువాడి
మొలకి వేలాడిన మాట అది.
ఇప్పుడు షావె అంటారు గానీ
ఆ రోజుల్లో చావె అనేవారట, మనలాగే, చకారం గట్టిగా నొక్కి.
స్పెయిన్‌లో అది యావె. ఇటలీలో కియావె.
ఫ్రెంచివాళ్ళ దగ్గర అరిగి అరిగి క్లే.
కొందరు రాతలో చివర ఒక ఎఫ్ ఉంచుతారు, పలకరు,
ఊరొదిలి పోయినవాడి పేరు
రేషన్ కార్డులో ఉండిపోయినట్టు.
అందరి తల్లీ లాటిన్ క్లావిస్.
ఆ తల్లికి తల్లి ఎవరంటే పండితులు గొంతు తగ్గిస్తారు:
వంకర పుల్ల కావచ్చు, గడియ లాగే కొక్కెం కావచ్చు.
జర్మన్లు ఈ పంక్తిలో కూర్చోలేదు.
మూయడం అనే మాటలోంచి తమది తామే చెక్కుకున్నారు,
తెరిచేదానికి మూసేదాని పేరు.

పోయినేడు అడయారు వంతెన మీద స్కూటర్ జారినప్పుడు
ఎక్స్‌రే మీద పెన్నుతో తట్టి డాక్టరు క్లావికిల్ అన్నాడు.
బళ్ళో మేం జత్రుక అని చదువుకున్న ఎముక.
లాటిన్‌లో దాని అర్థం బుల్లి తాళంచెవి అని
కట్టు విప్పిన తరవాత తెలిసింది.
మెడ కింద రెండు వైపులా రెండు.
ఏ తలుపువో అందులో రాయలేదు.

ఇదంతా చెప్తే మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదు.
"ఓడలెక్కి రావాలా ఆ మాట?
చెవి అంటే చెవే. మెలిపెడితే మాట వింటుంది, పిల్లాడైనా తాళమైనా."
గోడలకి చెవులుంటాయని భయపడుతూనే
తలుపు చెవిని బొడ్డున దోపుకుని తిరిగిన మనిషి.
నేనూ తేల్చుకోలేదు.
నిఘంటువు ఒకటి అవునంటుంది, ఇంకొకటి ఊరుకుంటుంది.

సగాయం దాన్ని ఆకురాయితో ఒక్కసారి గీకి చూశాడు,
గీరిన చోట పసుపు మెరిసింది.
లోపల బోలు. పెదవికి ఆనించి ఊదితే
కుక్కర్ మొదలుపెట్టబోయే ఈలలా సన్నని కూత.
"మా నాన్నయితే దీన్ని చూసి తాళం చేసి ఉండేవాడు.
నాకు రాదు. తూకానికి ఇచ్చేస్తారా?"
ఇవ్వనన్నాను.

"అవునూ, మీ తెలుగులో దీన్నేమంటారు?"
చెవి, అన్నాను.
తమిళంలోనూ ఆ మాట ఉందిగా, పుస్తకాల్లో.
"ఇదా?" తన ఎడమ చెవి పట్టుకుని చూపించాడు.
సానరాయి పక్కన ముప్పయ్యేళ్ళు కూర్చుని
ఎప్పుడో పోగొట్టుకున్న చెవి. ఆ వైపు నిలబడి పిలిస్తే పలకడు.
అదే, అన్నాను.

ఇత్తడి కొనని ఆ చెవికి ఆనించి
మెల్లగా ఒక సగం తిప్పు తిప్పాడు.
నాలుకతో టక్కుమనిపించి నావైపు కన్నుగీటాడు.

ఎడమ పక్కనించి బస్సొకటి
హారన్ కొట్టుకుంటూ పోయింది.
సగాయం అటు తిరిగి చూశాడు.